మూడు అమెరికా ఓడలు: అక్కడ ఓటున్న తెలుగువారికి బహిరంగ లేఖ

అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువారందరికీ నమస్కారం.

నేను విశాఖపట్నంలో ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైన మనిషిని. మీలో కొందరు నా క్లాసులో కూర్చున్నవాళ్ళే, ఎక్కువమంది వెనక బెంచీల్లో. మొన్న సంక్రాంతికి వచ్చిన ఒక పాత శిష్యుడు మా వసారాలో అరిసె కొరుకుతూ ఒక మాటన్నాడు. "అమెరికా విదేశాంగ విధానం అని పెద్ద పేరే గానీ మాస్టారూ, అది ఆ పూటకి ప్రెసిడెంట్ మూడ్ అండి. మనం చేసేదేముంది?" న్యూజెర్సీలో పన్నెండేళ్ళ కాపురం, ప్రమాణం చేసి తీసుకున్న పౌరసత్వం, రెండు ఎన్నికల్లో వేసిన ఓటు. అలాంటి మనిషి నోట ఈ మాట. నేను అప్పుడేమీ అనలేదు. నా నోట్లోనూ అరిసె ఉంది.

అప్పుడు మింగేసిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. వాడొక్కడికే అయితే ఫోన్లో చెప్పేవాణ్ణి. మీ వాట్సాప్ గ్రూపుల్లో నన్నూ చేర్చారు కాబట్టి అందరిదీ ఇదే ధోరణని తెలిసింది. అక్కడ వాదన రెండు పక్షాలుగా నడుస్తుంది. అమెరికా మనకు సహజ మిత్రదేశం, పాలూ నీళ్ళూ అనేది ఒక పక్షం. ఏరు దాటాక తెప్ప తగలేసే దేశం, ఎవరికీ మాట నిలబెట్టుకోలేదు అనేది రెండోది. రెండు పక్షాలూ అమెరికాని ఒక మనిషిగా ఊహించుకుని వాడు మంచోడా చెడ్డోడా అని తేల్చుకోలేక కొట్టుకుంటున్నాయి. నేను క్లాసులో ఒకటే చెప్పేవాణ్ణి: అమెరికా ఏం చేసింది అన్నదాంతో ఆగిపోకండి, అలా చేయమని ఎవరు చెప్పారు, ఎవర్ని అడక్కుండా చెప్పారు అని చూడండి. రెండువందల ఏళ్ళ కథ మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబులో మీకూ ఒక వాటా ఉంది.

ఓడల సంగతితో మొదలుపెడతాను. మా ఊరిది సముద్రంతో చుట్టరికం కదా.

1971లో నాకు తొమ్మిదేళ్ళు. సాయంత్రం అయ్యేసరికి కిటికీ అద్దాలకు నల్ల కాగితం అతికించడం నా డ్యూటీ. మైదాపిండి జిగురు మా అమ్మ కాచి సత్తుగిన్నెలో పోసి ఇచ్చేది. రోడ్డు మీద వెళ్ళే కార్ల హెడ్‌లైట్లకు పై సగం నల్లరంగు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద పేలుడు వినిపించింది. నేను నిద్రలో ఉన్నాను గానీ, అలమరలో ఇత్తడి గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగాయని మా నాన్నగారు చివరిదాకా చెప్పేవారు. తెల్లారాక తెలిసింది, రేవు బయట ఒక పాకిస్తాన్ జలాంతర్గామి మునిగిందని. పేరు గాజీ. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వేటాడటానికి వచ్చింది. విక్రాంత్ విశాఖలోనే ఉన్నట్టు మనవాళ్ళు నమ్మించారు, అది ఎప్పుడో అండమాన్ వైపు వెళ్ళిపోయింది. గాజీని ముంచింది మన ఐఎన్ఎస్ రాజ్‌పుతే అని మన నౌకాదళం చెబుతుంది, లోపలే ఏదో పేలిందని పాకిస్తాన్ చెబుతుంది. తొంభైమందికి పైగా మనుషులు ఆ ఇనుప గొట్టంలోనే ఉండిపోయారు. బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం ఆ యుద్ధానిదే. మీలో చాలామంది దాని ముందు ఐస్‌క్రీం తిన్నవాళ్ళే.

ఆ గాజీ అసలు పేరు డయాబ్లో. స్పానిష్ భాషలో దెయ్యం అని అర్థం. రెండో ప్రపంచయుద్ధం ఆఖర్లో అమెరికా తన నౌకాదళం కోసం కట్టుకున్న జలాంతర్గామి అది. అరవైల మొదట్లో పాకిస్తాన్‌కి లీజుకిచ్చారు. అంతకు పదేళ్ళ ముందు, 1954 ఫిబ్రవరిలో, పాకిస్తాన్‌కి ఆయుధసాయం చేయబోతూ ప్రెసిడెంట్ ఐసన్‌హోవర్ మన నెహ్రూకి ఉత్తరం రాశాడు: ఈ సాయం మీ మీదికి కాదు, ఎవరైనా దాన్ని దురాక్రమణకి వాడితే మేం ఊరుకోం అని. ఆ ఉత్తరం రాసినవాడు అబద్ధం ఆడాడని నేననుకోను. అప్పుడు ఆయన కళ్ళకి కనిపిస్తున్నది మాస్కో. విశాఖపట్నం ఆయన మ్యాపులో లేదు.

పరాయి గొడవల్లోకి వెళ్ళబోమని ఒట్టుపెట్టుకున్న దేశం, భూగోళానికి అవతలి పక్కన ఎవరికో జలాంతర్గాములు లీజుకిచ్చే దాకా ఎలా వచ్చింది? అది అర్థం కావాలంటే కాస్త వెనక్కి పోవాలి. క్లాసులో ఆవలించినట్టు ఇక్కడా ఆవలించకండి.

జార్జి వాషింగ్టన్ 1796లో పదవి దిగిపోతూ శాశ్వత పొత్తులు వద్దని హెచ్చరించాడు. అది ఉపన్యాసం కాదు, ఫిలడెల్ఫియా పత్రికలో అచ్చయిన ఉత్తరం. "చిక్కుల్లో పడేసే పొత్తులు" అన్నమాట మాత్రం ఆయనది కాదు, 1801లో జెఫర్సన్‌ది. పరీక్ష పేపర్లలో ఈ తప్పు దిద్దీ దిద్దీ నా ఎర్ర పెన్నులు అరిగిపోయాయి. ఫ్రాన్స్‌తో 1778లో చేసుకున్న పొత్తు 1800లో రద్దయ్యాక, రెండో ప్రపంచయుద్ధం ముగిసేదాకా, దాదాపు నూట యాభై ఏళ్ళు అమెరికా ఎవరితోనూ శాశ్వత సైనిక పొత్తు పెట్టుకోలేదు. అలాగని సన్యాసం పుచ్చుకుని కూర్చోలేదు. 1803లో కోటిన్నర డాలర్లకి నెపోలియన్ దగ్గర లూసియానా కొని దేశాన్ని రెట్టింపు చేసుకుంది. ఆదివాసీ జాతులతో మూడువందలకు పైగా ఒప్పందాలు చేసుకుంది, ప్రతిదీ పరాయి దేశంతో చేసుకున్నట్టే సెనేట్ (అక్కడి పార్లమెంటులో పై సభ) ఆమోదంతో. వాటిలో ఎన్నింటిని తుంగలో తొక్కిందో ఓక్లహామాలో ఉన్న మనవాళ్ళు పక్కింటివాళ్ళని అడిగినా చెబుతారు. ఆ దేశపు తొలి విదేశాంగ విధానం సొంత పెరట్లోనే నడిచిందని నేను ఊరికే అనడం లేదు.

1823లో మన్రో సిద్ధాంతం వచ్చింది. యూరప్ రాజులు ఈ ఖండాల జోలికి రావద్దు, మేం మీ జోలికి రాం. నిజానికి అలాంటి ప్రకటన ఇద్దరం కలిసి చేద్దామని బ్రిటన్ అడిగింది. విదేశాంగమంత్రి జాన్ క్విన్సీ ఆడమ్స్ ఒప్పుకోలేదు. బ్రిటిష్ యుద్ధనౌక వెనక చిన్న పడవలా తేలుతూ పోవడం మనకెందుకు అన్నాడు. మాట బాగుంది గానీ, ఆ తర్వాత చాలా దశాబ్దాలు మన్రో మాటకి కాపలా కాసింది బ్రిటిష్ యుద్ధనౌకలే. అమెరికా దగ్గర అప్పటికి చిన్న పడవలే ఉన్నాయి మరి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం. మెక్సికోతో యుద్ధం. 1846లో ప్రెసిడెంట్ పోక్, రెండు దేశాలూ మాదంటే మాదని పోట్లాడుకుంటున్న నేల మీదికి సైన్యాన్ని పంపాడు. అక్కడ కాల్పులు జరిగాయి. వెంటనే కాంగ్రెస్‌కి వచ్చి "అమెరికా గడ్డ మీద అమెరికా రక్తం చిందింది" అన్నాడు. (కాంగ్రెస్ అంటే అక్కడి పార్లమెంటు. మన పార్టీ అనుకుని కొట్టుకోకండి.) కాంగ్రెస్ యుద్ధం ప్రకటించింది. మరుసటి ఏడాది చివర్లో ఇలినాయి నుంచి కొత్తగా వచ్చిన ఒక సభ్యుడు లేచి, ఆ రక్తం చిందిన చోటు కచ్చితంగా ఎక్కడో చూపించండి, అది నిజంగా మన నేలేనా అని తీర్మానాలు పెట్టాడు. జనం నవ్వారు, చోటు లింకన్ అని ఎగతాళి చేశారు. అవును, ఆ లింకనే. 1848 జనవరిలో ప్రతినిధుల సభ ఈ యుద్ధాన్ని ప్రెసిడెంట్ అనవసరంగా, రాజ్యాంగ విరుద్ధంగా మొదలుపెట్టాడని 85-81 ఓట్లతో అనేసింది. అప్పటికే యుద్ధం గెలిచేశారు, కాలిఫోర్నియా చేతికొచ్చేసింది. ఆ రోజుల్లోనే లింకన్ ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరం సారాంశం ఇది: పొరుగు దేశం మీద దాడి అవసరమా కాదా అన్నది ప్రెసిడెంట్ ఇష్టానికి వదిలేస్తే, ఇష్టం వచ్చినప్పుడల్లా యుద్ధం చేసే హక్కు ఆయనకి ఇచ్చినట్టే.

మీలో ఎంతమంది కాలిఫోర్నియాలో ఉన్నారో! ఫ్రీమాంట్‌లో మీ ఇల్లున్న నేల ఆ యుద్ధంలో వచ్చిందే.

అక్కణ్ణుంచి కథ ఒకే వాలులో జారుతుంది. 1898లో స్పెయిన్‌తో యుద్ధం, ఫిలిప్పీన్స్ రెండు కోట్ల డాలర్లకి బేరం. ఆ ఒప్పందం సెనేట్‌లో 57-27తో గట్టెక్కింది. కావాల్సిన మూడింట రెండు వంతులకి ఒకే ఒక్క ఓటు ఎక్కువ. రెండు ఓట్లు అటు పడి ఉంటే మనీలా చరిత్ర వేరుగా ఉండేదేమో. 1907లో థియోడర్ రూజ్‌వెల్ట్ 16 యుద్ధనౌకలకి తెల్లరంగు వేసి ప్రపంచం చుట్టి రమ్మన్నాడు. కాంగ్రెస్‌లో కొందరు డబ్బివ్వం అన్నారు. సగం దూరానికి సరిపడా బొగ్గు డబ్బు నా దగ్గరుంది, తిరిగి తెచ్చుకోవాలనుకుంటే మీరే ఇవ్వండి అన్నాడని చెబుతారు. ఆ తెల్ల ఓడలు 1908 డిసెంబర్‌లో కొలంబోలో ఆగాయి. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక, 1919లో, కథ అడ్డం తిరిగింది. దేశాలన్నీ కలిసి యుద్ధాలు ఆపాలన్న నానాజాతి సమితి ఆలోచన ప్రెసిడెంట్ విల్సన్‌ది, దాన్ని కాదన్నది ఆయన సొంత సెనేట్. తర్వాత హిట్లర్ వచ్చాడు, పెర్ల్ హార్బర్ జరిగింది. 1942 జూన్ 5న బల్గేరియా, హంగరీ, రుమేనియాల మీద అమెరికా యుద్ధం ప్రకటించింది. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి. రాజ్యాంగం చెప్పినట్టు అమెరికన్ కాంగ్రెస్ యుద్ధం ప్రకటించడం అదే ఆఖరు.

ఆఖరు ఎలా అవుతుంది, కొరియా, వియత్నాం, ఇరాక్ లేవా అంటారు. ఉన్నాయి. వాటిని యుద్ధం అని ప్రకటించలేదు, అంతే. 1947లో ట్రూమన్ గ్రీసుకీ టర్కీకీ 40 కోట్ల డాలర్లు అడిగినప్పుడు కాంగ్రెస్ గుమ్మం తొక్కాడు. మూడేళ్ళకే, 1950లో, కొరియాకి సైన్యాన్ని పంపినప్పుడు తొక్కలేదు. పోలీసు చర్య అన్నారు. 1964లో టోంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద రెండోసారి దాడి జరిగిందని ప్రెసిడెంట్ జాన్సన్ చెప్పాడు. ప్రతినిధుల సభ 416-0, సెనేట్ 88-2 తేడాతో ఆయన చేతిలో ఖాళీ చెక్కు పెట్టాయి. ఆ రెండో దాడి జరగనే లేదు. రక్తం చిందిన చోటు చూపించమని అడిగే మనిషి ఆ రోజు సభలో లేడు, సెనేట్‌లో ఇద్దరు తప్ప. 58 వేలమంది అమెరికన్లు, అంతకు ఎన్నో రెట్ల వియత్నాం మనుషులు ఆ చెక్కుకి మూల్యం.

ఇప్పుడు మళ్ళీ మా సముద్రానికి వద్దాం. రెండో ఓడ. ఇది మా ఊరికి రాలేదు, వస్తోందని మాత్రం విన్నాం.

1971 మార్చిలో పాకిస్తాన్ సైన్యం అప్పటి తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) రాజధాని ఢాకాలో మారణకాండ మొదలుపెట్టింది. అక్కడి అమెరికన్ కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్, ఆయన కింద ఉద్యోగులు ఇరవైమంది ఏప్రిల్ 6న వాషింగ్టన్‌కి టెలిగ్రాం కొట్టారు. అక్కడ ప్రజాస్వామ్యాన్ని అణచివేస్తుంటే మన ప్రభుత్వం ఖండించలేదు, నైతికంగా దివాలా తీసింది అని సొంత ప్రభుత్వానికే రాశారు. ఉద్యోగాలు పణంగా పెట్టి. బ్లడ్‌ని అక్కణ్ణుంచి తప్పించారు. ఎందుకంటే ప్రెసిడెంట్ నిక్సన్, ఆయన సలహాదారు కిసింజర్ అప్పుడు చైనా తలుపు తడుతున్నారు, ఆ తలుపు దాకా దారి చూపిస్తున్నది పాకిస్తాన్. జులైలో కిసింజర్ పాకిస్తాన్ వెళ్ళి, కడుపునొప్పి అని చెప్పి మాయమై, బీజింగ్‌లో తేలాడు. ఒక మనిషి దొంగ కడుపునొప్పితో ప్రపంచ రాజకీయం పక్కకి ఒరిగింది. ఆగస్టులో మనం సోవియట్ యూనియన్‌తో స్నేహ ఒప్పందం చేసుకున్నాం. కోటిమంది శరణార్థులు మన సరిహద్దు దాటి వచ్చారు. డిసెంబర్ మధ్యలో అణుశక్తితో నడిచే విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్ బంగాళాఖాతంలోకి వచ్చింది.

మా వీధిలో అప్పుడు అందరూ ఏడో నౌకాదళం అనేవారు. చదువు లేని చేపలమ్మే ముసలమ్మ కూడా "సెవెంత్ ఫ్లీటంటగా నాయనా, మా వాళ్ళని వేటకి పంపమంటావా?" అని మా నాన్నగారిని అడిగింది. ఆయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. ఆయనకేం తెలుసు? 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ఓడ ఏమీ చేయకుండా వెళ్ళిపోయింది. ఏమీ చేయని ఆ ఓడని ఈ దేశం యాభై ఏళ్ళయినా మర్చిపోలేదు. గాజీ సంగతి సినిమా వచ్చేదాకా చాలామందికి గుర్తేలేదు.

వాట్సాప్ రెండో పక్షం వారికి ఒక మాట. అదే 1971లో అదే అమెరికాలో ఇంకేం జరుగుతోందో చూడండి. సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ ఆగస్టులో మన శరణార్థి శిబిరాల బురదలో నడిచాడు. సెనేట్‌లో ఫ్రాంక్ చర్చ్, విలియం శాక్స్‌బీ, ఒకరు డెమోక్రాట్ ఒకరు రిపబ్లికన్, పాకిస్తాన్‌కి సాయం ఆపాలని సవరణ పెట్టారు. ఆ శాక్స్‌బీయే తర్వాత ఢిల్లీకి రాయబారిగా వచ్చాడు. ఓడ పంపించింది రెండు మూడు గదుల్లో కూర్చున్న కొద్దిమంది. రెండేళ్ళకి, 1973 నవంబర్‌లో, నిక్సన్ వీటోని తోసిరాజని కాంగ్రెస్ ఒక చట్టం చేసింది: సైన్యాన్ని పోరుకి పంపితే 48 గంటల్లో మాకు చెప్పాలి, మేం ఒప్పుకోకపోతే 60 రోజుల్లో పోరు ఆపేయాలి. ఆ తర్వాత వచ్చిన ప్రెసిడెంట్లు ఏ పార్టీవాళ్ళైనా ఆ చట్టాన్ని గుమ్మానికి కట్టిన మామిడాకు తోరణంలాగానే చూశారు. పండక్కి కడతారు, ఎండిపోయినా ఎవరూ తీయరు.

వాట్సాప్ మొదటి పక్షం వారికీ ఒక మాట ఉంది. కాంగ్రెస్ ఏమీ దేవత కాదు. 1924లో ఆసియావాళ్ళని రానివ్వకుండా తలుపేసింది కాంగ్రెస్సే. అంతకు ముందే, 1923లో, పంజాబ్ నుంచి వెళ్ళిన భగత్ సింగ్ థింద్ తెల్లవాడు కాదు కాబట్టి పౌరుడు కాలేడని సుప్రీంకోర్టు చెప్పింది. అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి ఆయన. 1946లో ఏడాదికి నూరుమంది భారతీయుల్ని రానిస్తామన్నారు. నూరు! ఆసియాలో స్నేహితులు కావలసొచ్చిన యుద్ధకాలం నెట్టితే తెరుచుకున్న సందు అది. 1965లో తలుపు బాగా తెరుచుకోవడానికి వాళ్ళ పౌరహక్కుల ఉద్యమం ఒక కారణమైతే, మీరు జాతిని బట్టి మనుషుల్ని ఆపుతారని సోవియట్లు ఎగతాళి చేయడం ఇంకొకటి. మీ నీలిరంగు పాస్‌పోర్టు కూడా విదేశాంగ విధానంలో నుంచి ఊడిపడ్డదే. "విదేశాంగ విధానంతో మాకేం పని" అని ఇమిగ్రేషన్ క్యూలో నిలబడి అనడం నాకు నవ్వు తెప్పిస్తుంది.

1978లో అణు వ్యాప్తి నిరోధక చట్టం చేసి మన తారాపూర్ అణువిద్యుత్ కేంద్రానికి ఇంధనం ఆగేలా చేసిందీ కాంగ్రెస్సే. 2008లో పౌర అణు ఒప్పందానికి తల ఊపిందీ అదే. ఆ ఒప్పందం పేరు చెప్పి శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఆరు అమెరికన్ రియాక్టర్లు అన్నారు. 2017లో వాటిని కట్టాల్సిన వెస్టింగ్‌హౌస్ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

చిన్నప్పుడు మా బడిలో మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెట్టేవారు. పాలపొడి కలిపిన పాలు పోసేవారు. సంచి మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ ఉండేది. ఆ ఖాళీ సంచులతో మా పక్కింటివాళ్ళు వసారాకి పరదా కుట్టుకున్నారు, ఆ చేతుల బొమ్మ వీధి వైపుకి పెట్టి. ఆకలికి ఆ ఉప్మా ఎంత బాగుండేదో ఇప్పటికీ గుర్తే. పెద్దయ్యాక, అరవైల మధ్యలో మనకి కరువొస్తే జాన్సన్ ఆ గోధుమ ఓడల్ని నెలనెలా లెక్కపెట్టి వదిలేవాడని చదివాను. వ్యవసాయం మార్చుకోండి అన్నది ఒక కారణం, వియత్నాం మీద మీ నోరు అదుపులో పెట్టుకోండి అన్నది ఇంకో కారణం. రెండూ నిజమే. ఉప్మా రుచీ నిజమే.

మూడో ఓడ ఇప్పటికీ మా ఊళ్ళోనే ఉంది. ఐఎన్ఎస్ జలాశ్వ. సైన్యాన్నీ వాహనాలనీ తీరంలో దింపే పెద్ద నౌక. 2007లో అమెరికా నుంచి సుమారు ఐదు కోట్ల డాలర్లకి కొన్నాం. అంతకుముందు దాని పేరు ట్రెంటన్. అది అమెరికా నౌకాదళంలో చేరింది ఏ సంవత్సరమో చూసి నేను కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాను. 1971. ఎంటర్‌ప్రైజ్ మా మీదికి వచ్చిన ఏడాదే. దెయ్యం పేరుతో వచ్చింది మా రేవు బయట మునిగిపోయింది, బెదిరించడానికి వచ్చింది వెనక్కి పోయింది, ముసలిదైపోయింది వచ్చి మా ఇంటి పేరు పెట్టుకుంది. మురిసిపోకముందు ఇంకొకటీ చదవాలి. మన ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక ఆ కొనుగోలు షరతుల్ని బయటపెట్టింది: దాడికి దీన్ని వాడటం మీద ఆంక్షలున్నాయి, అమెరికావాళ్ళు వచ్చి తనిఖీ చేసుకోవచ్చు. 2019లో విశాఖలో, కాకినాడలో టైగర్ ట్రయంఫ్ పేరుతో రెండు దేశాల సైనికులూ కలిసి విన్యాసాలు చేశారు. గాజీ మునిగిన సముద్రంలో అమెరికన్ కుర్రాళ్ళు, మన కుర్రాళ్ళు ఒకే ఓడలో.

ఆ మార్పుకి కారణం ప్రేమ అనుకునేవాళ్ళు మళ్ళీ పైన వాట్సాప్ పక్షాల గురించి రాసిన పేరా చదవండి. చైనా పెరిగింది. ఒకప్పుడు చైనా దాకా దారి కోసం పాకిస్తాన్ కావలసొచ్చింది, ఇప్పుడు చైనాకి ఎదురుగా ఒక తూకం కోసం మనం కావలసొచ్చాం. రేపు ఇంకెవరో కావలసొస్తారు.

ఆ రేపు ఎలా ఉంటుందో మా బావమరిదికి అప్పుడే తెలిసొచ్చింది. భీమవరం దగ్గర ఆయనకి వనామీ రొయ్యల చెరువులున్నాయి. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకుల్లో చాలావాటి మీద అమెరికా సుంకం 50 శాతం అయింది, అందులో సగం రష్యా చమురు కొంటున్నందుకట. అప్పటికి మన రొయ్యకి అన్నిటికంటే పెద్ద గిరాకీ అమెరికాలో. ఆ రోజుల్లో ఒక సాయంత్రం చెరువు గట్టున కూర్చున్నాం. ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి, ఆ హోరులో మాట వినపడాలంటే అరవాలి. "ఉక్రెయిన్ ఎక్కడుందో నాకు తెలీదు బావా. చమురు నేను కొన్లేదు. నా రొయ్య ఏం పాపం చేసిందని కౌంటుకి రేటు కోసేశారు?" అని అరిచాడు. కరెంటు బిల్లు, మేత బాకీ, పట్టుబడి ఎప్పుడు చేయాలి, ఇంకో వారం ఆగితే వైరస్ వస్తుందేమో. అతని తలలో ఇవి తిరుగుతున్నాయి. నా తలలో 1930 తిరుగుతోంది.

సుంకాలు వేసే అధికారం అమెరికా రాజ్యాంగం ఇచ్చింది కాంగ్రెస్‌కి. 1930లో వాళ్ళు సుంకాలు విపరీతంగా పెంచేశారు, ప్రపంచ వ్యాపారం ఇంకా కుదేలైంది. బుద్ధి వచ్చి 1934లో, ఇతర దేశాలతో మాట్లాడి సుంకాలు తగ్గించే పని ప్రెసిడెంట్‌కి అప్పగించారు. మంచికే. తర్వాత ఒక్కో చట్టంతో ఇంకాస్త, ఇంకాస్త. 2025లో ఆ సుంకాలకి ఆధారంగా చూపించింది 1977లో అత్యవసర పరిస్థితుల కోసం చేసిన చట్టం. అందులో సుంకం అనే మాటే లేదు. దాని మీద కోర్టుల్లో తర్వాత ఏం జరిగినా, ఏ రోజు ఏ రేటు నడిచినా, భీమవరం చెరువుగట్టుకి అర్థమయ్యేది ఒకటే: అడిగే మనిషి లేనప్పుడు ఒక్క సంతకం చాలు.

2001 సెప్టెంబర్‌లో కూడా అడిగే మనిషి ఒక్కరే మిగిలారు. ప్రెసిడెంట్‌కి బలప్రయోగ అధికారం ఇచ్చే తీర్మానం అసలు భాగం 60 మాటలు. ప్రతినిధుల సభలో 420-1. ఆ ఒక్కరు కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీ. బెదిరింపులొస్తే ఆమెకి పోలీసు కాపలా పెట్టాల్సొచ్చింది. ఆ 60 మాటలనే పట్టుకుని ఇరవై ఏళ్ళు ఎన్నో దేశాల్లో సైనిక చర్యలు నడిపారు.

అందుకని నా శిష్యుడికి, మీకందరికీ, అడిగేది ఇది. మీ జిల్లా ప్రతినిధి రెండేళ్ళకోసారి మీ దగ్గరికి రావలసిందే. మన సంఘం వేడుకలకి పిలిస్తే వస్తారు, శాలువా కప్పించుకుంటారు, సమోసా తిని ఫోటో దిగుతారు. ఆ ఫోటోలు నేనూ చూస్తాను, లైకూ కొడతాను. ఈసారి శాలువాతో పాటు ఒక ప్రశ్న కూడా కప్పండి. యుద్ధానికి అధికారమిచ్చే తీర్మానం ఎప్పుడొచ్చినా దానికి గడువు, చోటు రాయించడానికి మీరు ఓటేస్తారా? సుంకం అధికారాన్ని సభ వెనక్కి తీసుకుంటుందా? రాయబార కార్యాలయాల్లో బ్లడ్ లాంటివాడు మళ్ళీ టెలిగ్రాం కొడితే అతని ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా? భారత్ మీద మీ అభిప్రాయం ఏమిటి అని మాత్రం అడక్కండి. ఐ లవ్ ఇండియా అంటారు, యోగా అంటారు, అక్కడితో అయిపోతుంది.

మాలాంటి వాళ్ళం నలుగురం అడిగితే ఏమవుతుంది అనకండి. దలీప్ సింగ్ సౌంద్ అనే పంజాబీ 1956లో కాలిఫోర్నియా నుంచి గెలిచి ప్రతినిధుల సభకి వెళ్ళాడు, విదేశీ వ్యవహారాల కమిటీలో కూర్చున్నాడు. 1946 దాకా ఆయనకి పౌరసత్వం తీసుకునే హక్కే లేదు. పదేళ్ళలో అక్కడ కుర్చీ వేసుకున్నాడు.

ఇంకొక సంగతి, చదివే ఓపిక ఉన్నవాళ్ళకి. అమెరికా విదేశాంగ శాఖ తన పాత కాగితాలని తానే అచ్చువేసి బయటపెడుతుంది, 1861 నుంచీ. బ్లడ్ టెలిగ్రాం అందులో ఉంది. ఇందిరాగాంధీని నిక్సన్ తిట్టిన తిట్లు కూడా రికార్డుల్లోంచి బయటికొచ్చాయి. అన్నీ ఉచితం, ఫోన్లోనే చదువుకోవచ్చు. తన తప్పుల చిట్టా తానే ఊరికి పంచే పెద్ద రాజ్యం ఇంకొకటి నాకైతే తెలియదు. ఈ ఒక్కదానికీ ఆ దేశానికి నేను దణ్ణం పెడతాను.

మళ్ళీ వచ్చినప్పుడు పిల్లల్ని తీసుకురండి. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది, అది సోవియట్ యూనియన్‌లో కట్టిన మన జలాంతర్గామి, 1971 యుద్ధంలో పనిచేసింది. లోపల నడవడానికి వంగాలి. నా మోకాళ్ళు ఒప్పుకోవు కాబట్టి నేను బయట నిలబడి సముద్రంలో గాజీ ఎటువైపు మునిగిందో చూపిస్తాను. టికెట్లు నేనే కొంటాను. డాలర్లు తీయకండి.

ఇట్లు,
మీ మాస్టారు,
విశాఖపట్నం